ప్రజాస్వామ్యం – నిరంకుశ పాలన : తప్పు దిద్దుకోగల శక్తి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

పండుగ సభలో రాజ్యపాలన గురించిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. మన పాఠశాల, మన రాజ్యాంగం దాదాపు ఒకే ఈడువి. కన్నడ నాట స్థిరపడిన తెలుగువారు తమ బిడ్డలకు తమ భాషలో చదువు చెప్పించుకొనగలుగుతున్నారంటే, దాని వెనుక ఒక విధమైన ప్రభుత్వ వ్యవస్థ ఉన్నది. ఆ వ్యవస్థ విలువ ఏమిటో తెలుసుకొనడం ఈ ఉత్సవానికి తగిన పనియే అని నా అభిప్రాయం.

సాంఘిక శాస్త్రం తరగతిలో పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. “ఒక్కరి మాటే చెల్లే దేశాలలో పనులు త్వరగా జరుగుతాయి కదా టీచర్! మనకెందుకు ఇన్ని ఎన్నికలు, ఇన్ని వాదోపవాదాలు?” పిల్లలే కాదు, పెద్దలు సైతం ఈ మాట అంటున్నారు. దీనిని కసరి కొట్టివేయరాదు. ఆలోచించి సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇది.

ముందుగా రెండింటికీ భేదమేమిటో చూద్దాం. నిరంకుశ రాజ్యాలలో కూడ రాజ్యాంగం ఉండవచ్చును, ఎన్నికలూ జరుగవచ్చును. అసలు భేదం రెండు విషయాలలో ఉన్నది. ఒకటి, పాలకుని రక్తపాతం లేకుండ పదవి నుండి దింపే మార్గం ప్రజలకు ఉన్నదా? రెండవది, పాలకునికి ఇష్టంలేని నిజాన్ని చెప్పినవాడు ఆ రాత్రి తన ఇంట నిర్భయంగా నిద్రించగలడా? ఈ రెండింటికీ ‘ఔను’ అనగలిగిన దేశమే ప్రజాస్వామ్య దేశం.

ఈ రెండవ విషయం ఎంత ముఖ్యమో చైనా అనుభవం చెబుతుంది. 1958లో మావో నాయకత్వాన ‘మహా ముందడుగు’ అనే కార్యక్రమం ఆరంభమైంది. సేద్యాన్ని కమ్యూన్ల పరం చేశారు. పల్లెల్లో కొలుములు పెట్టించి ఉక్కు తీయమన్నారు. ధాన్యం తింటున్నవని పిచ్చుకలను చంపించారు. పురుగులను తినే పిట్టలు కరవై చీడలు పెరిగినవి. పై అధికారి మెప్పు కోసం క్రింది అధికారి పంట దిగుబడిని పెంచి వ్రాశాడు. ఆ దొంగ లెక్కల ప్రకారమే ప్రభుత్వం ధాన్యం సేకరించింది. పల్లెలలో ఆకలి మొదలైన 1959లో కూడ విదేశాలకు ధాన్యం ఎగుమతి అయింది. ఆ సంవత్సరం వేసవిలో లుషాన్‌లో జరిగిన పార్టీ సమావేశ సమయాన రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ ఈ అతిశయోక్తులను ఎత్తిచూపుతూ మావోకు ఒక లేఖ వ్రాశాడు. దానికి ప్రతిఫలంగా ఆయన పదవి పోయింది. అంతటివానికే ఆ గతి పట్టిన తరువాత ఇక నోరు విప్పేవారెవరు? ఆ కరవులో మరణించినవారి సంఖ్యను పరిశోధకులు కోటిన్నర మొదలు నాలుగున్నర కోట్ల వరకు అంచనా వేశారు. ధాన్యం కొరతకు తోడు నిజం కొరత ఏర్పడినందువల్లనే అంతటి విపత్తు సంభవించింది.

మన దేశానికి కరవులు క్రొత్త కాదు. 1943లో, పరాయి పాలనలో, బెంగాల్ కరవుకు సుమారు 30 లక్షల మంది బలి అయినారు. ఆనాటి పాలకులు ఆ ప్రజలకు జవాబు చెప్పవలసినవారు కారు. స్వాతంత్ర్యానంతరం అంతటి కరవు మరణాలు మన దేశంలో మళ్ళీ సంభవించలేదు. 1972–73లో మహారాష్ట్రలో తీవ్రమైన అనావృష్టి వచ్చినప్పుడు ప్రభుత్వం లక్షలాది మందికి సహాయ పనులు కల్పించి కూలి ఇచ్చి ఆదుకొన్నది. స్వేచ్ఛగల పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశంలో పెద్ద కరవు సంభవించదని ఆర్థిక శాస్త్రవేత్త అమర్త్య సేన్ చేసిన సిద్ధాంతం ఈ అనుభవాల నుండి పుట్టినదే.

అయితే మనం మురిసిపోవడానికి వీలులేని మాట కూడ ఆయనే చెప్పారు. ప్రాథమిక విద్యలో, ఆరోగ్యంలో చైనా మనకంటె ఎంతో ముందు నడిచింది. హఠాత్తుగా వచ్చిన కరవు పత్రికలలో వార్త అవుతుంది. ఒక పిల్లవాడు ప్రతి రాత్రీ అర్ధాకలితో పడుకొనడం వార్త కాదు. ప్రజాస్వామ్యం మన చెవులను తెరచి ఉంచుతుందే గాని, మనం అడుగని ప్రశ్నలకు అది జవాబు చెప్పదు. ఈ లోపం వ్యవస్థది ఎంతో, పౌరులది అంత.

మన దేశమే నిరంకుశత్వాన్ని చవిచూసిన కాలం ఒకటి ఉన్నది. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. లక్షకు పైగా పౌరులను నిర్బంధించారు. పత్రికలపై సెన్సార్ విధించారు. రైళ్ళు వేళకు నడుస్తున్నవని, కార్యాలయాలలో క్రమశిక్షణ పెరిగిందని మెచ్చుకొన్నవారు లేకపోలేదు. కాని 1976–77 సంవత్సరంలో కుటుంబ నియంత్రణ లక్ష్యాల పేరిట 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. వాటిలో ఎన్నో నిర్బంధంతో జరిగినవే. పత్రికల నోరు కట్టినందున ఆ పేదల మొర పాలకుల చెవిని పడలేదు. నిర్బంధితులకు న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కు లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, ఐదుగురు న్యాయమూర్తులలో హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయం వ్రాశారు. మరుసటి సంవత్సరం ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు.

తరువాత జరిగినదే మనం గమనించవలసినది. 1977 మార్చిలో ఎన్నికలు జరిగినవి. ఉత్తర భారతం ప్రభుత్వాన్ని ఓడించింది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41, కర్ణాటకలోని 28 స్థానాలలో 26 అదే కాంగ్రెస్‌కు లభించినవి. ఒక దేశంలోనే ఇంత భేదాభిప్రాయం! అయినను యావద్దేశం ఆ ఫలితాన్ని శిరసావహించింది. ఓడిన ప్రధానమంత్రి పదవి వదలినారు. 1980లో అదే ప్రజలు ఆమెను మళ్ళీ ఎన్నుకొన్నారు. 1978లో వచ్చిన 44వ సవరణ, ఇకముందు జీవించే హక్కును అత్యవసర పరిస్థితిలో కూడ నిలిపివేయరాదని నిర్దేశించింది. 2017లో సుప్రీంకోర్టు 1976 నాటి తీర్పు పొరపాటని స్పష్టంగా ప్రకటించింది. తప్పు జరిగింది, చర్చ జరిగింది, తప్పు దిద్దబడింది.

ఇక పిల్లల ప్రశ్నకు వద్దాం. నిరంకుశ పాలనలో అభివృద్ధి జరుగదా? జరుగవచ్చును. దక్షిణ కొరియాను పార్క్ చుంగ్ హీ అనే సైనికాధికారి 1961 నుండి 1979 వరకు ఏలినాడు. ఆ కాలంలో పరిశ్రమలు, ఎగుమతులు విశేషంగా పెరిగినవి. కాని ఉత్తర కొరియాలోనూ ఒక్కరి మాటే చెల్లింది. అక్కడ 1990ల మధ్యకాలంలో ఘోరమైన కరవు వచ్చింది. నిరంకుశుడు సమర్థుడైతే సరి, కాకపోతే దింపే దారి లేదు. దక్షిణ కొరియా ప్రజలు ఈ జూదాన్ని ఒప్పుకొనలేదు. 1980లో గ్వాంగ్‌జూ నగరంలో ప్రాణాలర్పించి, 1987లో వీధులకెక్కి ప్రత్యక్ష ఎన్నికలు సాధించుకొన్నారు. 2024 డిసెంబరు 3 రాత్రి ఆ దేశాధ్యక్షుడు సైనిక శాసనం ప్రకటించగా, శాసనసభ్యులు కొందరు గోడలు దూకి సభకు చేరుకొని దానిని రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తెల్లవారేసరికి ఆ శాసనం తొలగిపోయింది. 2025 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ అధ్యక్షుని పదవీచ్యుతుని చేసింది. ఆర్థికాభివృద్ధి నేర్పిన పాఠం కాదిది; ప్రజలు అలవరచుకొన్న పాఠం.

ఇప్పుడు మన విషయం. స్పెయిన్‌లో ఫ్రాంకో 1939లో అధికారం చేజిక్కించుకొన్న తరువాత, కతలాన్ భాషను బడుల నుండి, కార్యాలయాల నుండి వెళ్ళగొట్టినాడు. తల్లి ఒడిలో నేర్చిన భాష బడిలో నేరమైంది. 1975లో ఆయన మరణించి ప్రజాస్వామ్యం వచ్చిన తరువాతనే ఆ భాషకు మళ్ళీ బడి తలుపు తెరుచుకొన్నది. కాని ఎన్నికలు ఉన్నంత మాత్రాన అల్పసంఖ్యాకుల భాషకు రక్షణ ఉన్నదనుకొనరాదు. శ్రీలంకలో 1956లో ఎన్నికైన పార్లమెంటే సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసింది. తమిళులకు కలిగిన ఆ గాయం ఆనాటితో మానలేదు. 1983 నుండి 2009 వరకు సాగిన అంతర్యుద్ధపు కారణాలలో అది ఒకటి. తలల లెక్క మాత్రమే ప్రజాస్వామ్యమైతే, తక్కువ తలలవారికి చోటుండదు. ఎక్కువమంది చేతికి కూడ కళ్ళెం వేసే రాజ్యాంగం కావాలి.

మన రాజ్యాంగంలో ఆ కళ్ళెం ఉన్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కు 30వ అధికరణం ఇచ్చింది. వారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సదుపాయం కల్పించవలెనని 1956లో చేరిన 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెప్పింది. భాషాపరమైన అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించవలెనని 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కోట్లమంది మాట్లాడే తెలుగుకు కన్నడ నాట రక్షణ లభించడం ఇందువల్లనే. ఇరుగుపొరుగు కన్నడ సోదరుల సౌహార్దం మనకు కొండంత అండ. వారి భాషను మన పిల్లలు ప్రేమతో నేర్చుకొనడం మన ధర్మం. అయితే హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన బడి నిలువదు. బిడ్డను పంపే తల్లిదండ్రులు ఉంటేనే నిలుస్తుంది. ఈ మాటను ఈ సభలోని తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు మనసున పెట్టుకోవలెనని నా మనవి.

ఉపాధ్యాయులమైన మాకు కూడ ఇందులో బాధ్యత ఉన్నది. ప్రజాస్వామ్యం పాఠ్యపుస్తకంలోని ఒక అధ్యాయంతో అలవడేది కాదు. తరగతి నాయకుని ఎన్నికలో ఓడిన బాలుడు గెలిచినవానితో కలిసి పనిచేసినప్పుడు, నల్లబల్ల మీద టీచరు వ్రాసిన లెక్క తప్పని ఒక బాలిక జంకు లేకుండ లేచి చెప్పగలిగినప్పుడు, ఆ మాట విని టీచరు దానిని తుడిచి సరిచేసినప్పుడు అది అలవడుతుంది. బిడ్డ ప్రశ్నిస్తే ‘ఎదురు చెబుతావా’ అని కోప్పడే ఇంట, బడిలో నిరంకుశత్వానికి నారు పోసినట్లే.

తెలుగులో ‘దిద్దడం’ అనే మాట ఉన్నది. పసివాడు ఓనమాలు దిద్దుతాడు. ఉపాధ్యాయుడు తప్పులు దిద్దుతాడు. నేర్చుకొనడానికీ, సరిచేయడానికీ మన భాషలో ఒకటే మాట. ప్రజాస్వామ్యం తప్పులు చేయని వ్యవస్థ కాదు, దిద్దుకొంటూ నేర్చుకొనే వ్యవస్థ. దానికి కొంత ఆలస్యమవుతుంది, కొంత రచ్చ అవుతుంది. ఆ ఆలస్యాన్ని, ఆ రచ్చను ఓర్చుకొనగల పౌరులను తయారుచేయడం కంటె మించిన జూబిలీ కానుక ఈ పాఠశాల దేశానికి ఇవ్వగలిగినది మరొకటి లేదు.