తడలో ఒక పూట దిగండి



చెన్నై నుంచి గూడూరు వైపు రైల్లో వస్తుంటే ఆరంబాక్కం దాటగానే తడ. హైవే మీద పోయేవాళ్ళకు తడ అంటే చెక్‌పోస్టు, లారీల బారు, ఓ గ్లాసు టీ. ఇక చెన్నై కుర్రాళ్ళు ‘తడ ఫాల్స్’ అని చెప్పుకునే ఉబ్బలమడుగు జలపాతం ఊళ్ళో లేనే లేదు, పడమటి కొండల్లో ఉంది. పాపం, పేరు తడది, నీళ్ళు ఇంకొకరివి!

తూర్పుకు తిరగండి. పులికాట్ సరస్సు. ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత మన దేశంలో ఇదే పెద్దది. దాని అవతల శ్రీహరికోట, ఆ అవతల సముద్రం. తడ మండలంలోని భీమునివారిపాలెం రేవులో పడవ ఎక్కితే ఇరకం దీవి వైపు పోవచ్చు. మనకది షికారు, దీవిలో ఉండేవాళ్ళకు రోజువారీ దారి.

ఈ సరస్సు పుణ్యాన మా ప్రాంతానికో పండగ వచ్చింది. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్. మా వాళ్ళు పక్షుల పండగ అంటారు. 2020 తర్వాత కొన్నేళ్ళు ఆగిపోయి, 2025 జనవరి 18 నుంచి 20 దాకా మళ్ళీ జరిగింది. సూళ్ళూరుపేట, నేలపట్టు, భీమునివారిపాలెం, ఉబ్బలమడుగు, శ్రీసిటీ, ఇలా ఐదు చోట్ల. పగలంతా పక్షులు, పడవలు. పొద్దు వాలాక సందడంతా సూళ్ళూరుపేటకు చేరుతుంది. సీరియల్ బల్బులు, స్టాళ్ళు, వేదిక మీద ఆటపాటలు. చుట్టుపక్కల పల్లెల జనం పిల్లాజెల్లాతో తరలి వస్తారు. సినిమా పాట మొదలైతే వెనక వరసలో వాళ్ళు కూర్చోరు, అది వేరే సంగతి.

ఆ ఏడు కనుమ వెళ్ళి మూడు రోజులే అయింది. అంటే ఓ వారం ముందే వచ్చినవాళ్ళకు వీధుల్లో ముగ్గుల ప్రదర్శన టికెట్ లేకుండా దొరికేది. నన్నడిగితే అసలు కళ అక్కడే ఉంది. ధనుర్మాసం నెలంతా తెల్లారుజామున వేసే ముగ్గు ఒక ఎత్తు, భోగి ముందు రాత్రి వేసే ముగ్గు ఒక ఎత్తు. బండ్ల రాకపోకలు తగ్గేదాకా ఆగి, వీధి దీపం కింద నీళ్ళు చల్లి చుక్కలు పెడతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి సన్నగా జారుతుంటే నడుం వంచిన మనిషి లేవకుండానే వెనక్కి వెనక్కి జరుగుతూ పోతుంది. అరవదేశం పక్కనే కాబట్టి ఇక్కడ మెలికల ముగ్గుకు గిరాకీ ఎక్కువ. గీత చుక్క చుట్టూ తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. చుట్టూ ఎర్రమన్ను అంచు. ఒక చుక్క తప్పిందా, అరుగు మీది అవ్వ ఊరుకోదు: “ఆడ తిప్పాల మ్మే, ఈడ గాదు!”

దీపాల మాటకొస్తే, మాకున్న దీపం ఇంకే ఊరికీ లేదు. 1971 నుంచి శ్రీహరికోటలో రాకెట్లు లేస్తున్నాయి. 2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకు స్పేడెక్స్ జంట ఉపగ్రహాలతో పీఎస్ఎల్‌వీ లేచింది. అలాంటి రాత్రుళ్ళు జనమంతా మిద్దెల మీదే. ముందు వెలుగు కనిపిస్తుంది, ఉరుము ఆ తర్వాత వస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పండగ దీపాలు, మైకులు ఊళ్ళో ఉన్నంతసేపే ముచ్చట. అవి సరస్సు గట్టు దాకా రాకూడదు. ఫ్లెమింగోలు, అంటే మన రాజహంసలు, తల కిందులు చేసి, ముక్కును బురదనీటిలో అటూ ఇటూ ఆడిస్తూ సన్నటి రొయ్యలనూ నాచునూ వడగట్టి తింటాయి. వాటి గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చిందే. హారన్ మోగితే మేత వదిలి మంద మొత్తం లేస్తుంది. మనకు మంచి ఫొటో, వాటికి తిండి పోయింది. నేలపట్టు చెరువులో చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులను అక్కడి ఊరివాళ్ళు ముందునుంచీ కాపాడుకున్నారు. వాటి రెట్టలు కలిసిన నీళ్ళు పొలాలకు బలమని రైతుల మాట. 1976లో అది రక్షిత కేంద్రమైంది. సరస్సుకు మాత్రం వేరే చిక్కు ఉంది. ఉత్తరాన రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోయిందని, ఇసుక తీయించమని జాలర్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. సముద్రపు నీరు రాకపోతే చేప లేదు, పక్షి లేదు. వేదిక మీది ఉపన్యాసాల్లో ఈ మాటకు ఇంకాస్త చోటుంటే బాగుణ్ణు.

రావాలనుకునేవాళ్ళు అక్టోబరు, మార్చి మధ్య రండి. జనవరి అయితే మరీ మంచిది. పండగ తేదీలు ఏటా ఒకటే కాదు, ముందే కనుక్కోండి. చెన్నై నుంచి సూళ్ళూరుపేట దాకా లోకల్ రైళ్ళున్నాయి, తడలో ఆగుతాయి. తెల్లారేసరికి సరస్సు దగ్గర ఉండండి, సాయంత్రానికి ఊళ్ళోకి రండి. పక్షుల దగ్గర హారన్ కొట్టకండి, డ్రోన్ ఎగరేయకండి, తెచ్చుకున్న నీళ్ళ సీసా మళ్ళీ మీతోనే తీసుకెళ్ళండి.