తేరుకోవడానికి పట్టే కాలం కూడా మన హక్కే

(రాజమండ్రిలో స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిప్రెషన్ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఆ జబ్బు ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. అందుకని ఈ రోజు నేను ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను. మా సలహా కేంద్రానికి ఆడపిల్లను వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలన్నీ అడిగే ప్రశ్న అది. "ఎన్నాళ్ళకి బాగవుతుందండీ?"

ప్రశ్న ఒకటే అయినా అడిగే మనిషిని బట్టి దాని అర్థం మారుతుంది. తల్లి అడిగితే అందులో బెంగ ఉంటుంది. అత్తగారు అడిగితే, మళ్ళీ ఇంటి పని ఎప్పుడు అందుకుంటుందని. అన్నగారు అడిగితే, ఎన్నాళ్ళు పుట్టింట్లో ఉంచుకోవాలని. భర్త అడిగితే చాలాసార్లు అది ఒక గడువు. జబ్బుపడిన మనిషి మాత్రం ఈ ప్రశ్న అడగదు. బాగవుతానన్న నమ్మకం పోవడం ఆ జబ్బులో ఒక భాగం.

దీనికి మన ఊళ్ళలో రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. ఒకటి, "మనోవ్యాధికి మందు లేదు" అన్న సామెత. రెండోది, "నాలుగు రోజులు పుట్టింట్లో ఉంటే అదే పోతుంది" అన్న ఓదార్పు. ఈ రెండూ తప్పే. మొదటిది ఆమెను వైద్యుడి దగ్గరకు వెళ్ళనివ్వదు. రెండోది వైద్యం పూర్తికానివ్వదు.

మరి నిజంగా ఎంతకాలం పడుతుంది? మందు వాడితే రెండు నుంచి నాలుగు వారాల్లో మార్పు మొదలవుతుంది. పూర్తి గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి మందుకే అందరికీ నయం కాదు, మందు మార్చవలసి రావచ్చు. బాధ పూర్తిగా తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు, చాలామందికి తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా వైద్యం సాగాలి. ఒకటికి రెండుసార్లు వచ్చినవాళ్ళకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. మన డెల్టా లెక్కలో చెప్పాలంటే, సార్వా నాట్లప్పుడు మొదలుపెట్టిన వైద్యం దాళవా కోతలయ్యాక కూడా సాగి, మళ్ళీ నాట్ల దాకా వస్తుంది. ఏడాది అనుకోండి.

నెదర్లాండ్స్‌లో మామూలు జనం మధ్య జరిపి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, డిప్రెషన్ వచ్చినవాళ్ళలో సగం మంది మూడు నెలల్లో తేరుకున్నారు. ఏడాదికి నలుగురిలో ముగ్గురు తేరుకున్నారు. రెండేళ్ళయినా తేరుకోనివాళ్ళు ఐదుగురిలో ఒకరున్నారు. ఇందులో ఆశకు చోటుంది. ఎక్కువమంది బాగవుతారు. కానీ ఆ ఐదో మనిషిని "కావాలని చేస్తోంది" అని ఎవరూ అనకూడదు. ఆమె జబ్బు తీరు అంత.

అంత దూరం ఎందుకు, మన పశ్చిమ గోదావరి సంగతే చూద్దాం. జిల్లాల విభజనకు ముందు ఆ జిల్లాలోని 42 గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఒక ప్రయత్నం చేశారు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, నిద్ర, ఆకలి, దిగులు, చావు ఆలోచనల గురించి అడిగారు. అవసరమైనవాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపి, మళ్ళీ ఇంటికి వెళ్ళి కనుక్కున్నారు. తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ పెద్ద ఎత్తున పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. ఈ ఏర్పాటున్న గ్రామాల్లో ఏడాది చివరకు నలుగురిలో ముగ్గురు డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. లేని గ్రామాల్లో సుమారు సగం మందే బయటపడ్డారు. రెండుచోట్లా జబ్బు ఒకటే. తేడా ఏమిటంటే, ఒకచోట మళ్ళీ గుమ్మంలోకి వచ్చి "మందు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగే మనిషి ఉంది.

గోవాలో కూడా, మామూలు చదువున్నవాళ్ళకు తర్ఫీదు ఇచ్చి ఆరు నుంచి ఎనిమిదిసార్లు రోగులతో మాట్లాడించారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో, మూడు నెలలకు అలా మాట్లాడినవాళ్ళలో నూటికి 64 మంది, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 39 మంది తేరుకున్నారు. అంటే మాత్ర ఒక్కటే వైద్యం కాదు. జబ్బు తీవ్రత తక్కువగా ఉన్నవాళ్ళకు మాత్ర లేకుండా కూడా నయమవుతుంది. అయితే అది డాక్టరు తేల్చాలి.

ఇక వైద్యం ఎక్కడ తెగిపోతోందో చెబుతాను. రెండో నెలలో. అప్పటికి నిద్ర పడుతుంది, నాలుగు ముద్దలు తింటుంది, లేచి పొయ్యి దగ్గరకు వెళుతుంది. ఇంట్లోవాళ్ళు "బాగైపోయింది" అంటారు. "ఇంకా ఆ మాత్రలెందుకు, అలవాటైపోతాయి" అంటారు. చీటీ అక్కడితో ఆగిపోతుంది. కాన్పు తర్వాత జబ్బుపడిన కోనసీమ అమ్మాయి ఒకామె మా దగ్గరకు వచ్చేది. వంట మొదలుపెట్టిన వారానికే ఆమె మందులు మాన్పించారు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ మంచం పట్టింది. అప్పుడు "దీనికి మందులు పనిచెయ్యవు" అన్నారు.

వంట చేయగలగడం కోలుకోవడం కాదు. పని చేస్తున్న ఆడదాన్ని ఆరోగ్యంగా ఉందనుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటు. పిల్లవాడి నవ్వు చూసి ఆమెకు సంతోషం కలుగుతోందా? రేపటి గురించి ఆలోచన వస్తోందా? నిర్ణయం తీసుకోగలుగుతోందా? చూడవలసినవి ఇవి. డిప్రెషన్ మందులు మత్తుమందుల్లా వ్యసనం కావు. కాకపోతే ఉన్నపళంగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒకసారి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి జీవితంలో మళ్ళీ వస్తుంది. మధ్యలో మానేస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఇంకో సంగతి. భర్త కొడుతూనే ఉంటే, మైక్రోఫైనాన్స్ వాళ్ళు గుమ్మంలో కూర్చునే ఉంటే, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన మనిషి చేతిలో పాస్‌పోర్టు లేకపోతే, ఏ మాత్ర లెక్కా సరిగ్గా పనిచెయ్యదు. కారణం అలాగే ఉంటే కాలం సాగుతుంది. 2005 గృహహింస చట్టం మానసిక ఆరోగ్యానికి చేసే హానిని కూడా హింసగానే చూస్తుంది. కాబట్టి మనం వైద్యుడి దగ్గరకు వెళ్ళడంతో ఆగకూడదు. అవసరమైతే రక్షణాధికారి దగ్గరకూ వెళ్ళాలి.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకుందాం. "పిచ్చిదాన్ని అంటగట్టారు" అని విడాకుల బెదిరింపు మనం వింటూనే ఉంటాం. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక వ్యాధి ఒక కారణంగా ఉన్నమాట నిజమే. కానీ జబ్బు ఉందన్నంత మాత్రాన విడాకులు రావు, అది కలిసి జీవించలేనంత తీవ్రమైనదని రుజువు చెయ్యాలి అని సుప్రీం కోర్టు 1988లోనే చెప్పింది. 2013లో మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక డాక్టర్ల జంట కేసులో, భార్య మానసిక వ్యాధి వైద్యంతో అదుపులో ఉంటుందని చెప్పి, భర్త అడిగిన విడాకులు నిరాకరించింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మానసిక వైద్యం పొందడం హక్కు. జబ్బు ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేనిదానిగా ముద్ర వెయ్యకూడదు. అవసరమైన మందుల జాబితాలోని మందులు కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రం నుంచి పై ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా, ఎప్పుడూ దొరకాలి. మానసిక వైద్యశాలలో చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చెయ్యకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్తురాలిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలి.

ఇవి కాగితం మీద ఉన్నాయి. వీటిని మన ఊరికి తెచ్చుకోవాలి. మండల ఆసుపత్రిలో ఈ మందులు ఏడాది పొడుగునా తెగకుండా ఉన్నాయో లేదో మహిళా సంఘాలు వెళ్ళి అడగాలి. ఇల్లిల్లూ తిరిగి కనుక్కునే ఏర్పాటు పరీక్ష పేరుతో వచ్చి పోయేది కాక, శాశ్వతంగా ఉండాలి. ఆ పని ఆశా కార్యకర్తలతో చేయిస్తే దానికి వేరే డబ్బు ఇవ్వాలి. డ్వాక్రా సంఘంలో జబ్బుపడిన సభ్యురాలికి వాయిదా కట్టడానికి వ్యవధి ఇవ్వాలి. ఇంట్లో చావు మాట ఎవరైనా ఎత్తితే, బెదిరింపు అనుకోకుండా, ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీదట "ఎన్నాళ్ళకి బాగవుతుంది?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, ఏడాది అని చెప్పండి. ఇంకా పట్టవచ్చని కూడా చెప్పండి. ఆ తర్వాత, ఆ ఏడాదీ ఆమెకు మందు ఎవరు తెస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఆమె మీద చెయ్యి ఎత్తకుండా ఎవరు అడ్డుకుంటారు అని మీరు తిరిగి అడగండి.