మాట చేయు పని

ఒక వాక్యమును చదివి దాని అర్థము చెప్పుట ఒక విద్య. ఆ వాక్యమును ఆ విధముగనే ఎందుకు వ్రాసిరో చెప్పుట మరొక విద్య. మొదటిది మన పాఠశాలలలో చిరకాలముగా ఉన్నది. రెండవది కొన్ని దేశములలో ఉన్నత పాఠశాల చివరి తరగతులకు ప్రత్యేక పాఠ్యాంశముగా ఏర్పడినది. ఇంగ్లండులో ‘ఏ లెవెల్’ విద్యార్థులకును, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున పండ్రెండవ తరగతి వారికిని ‘ఇంగ్లీష్ లాంగ్వేజ్’ అను పేర దీనిని బోధించుచున్నారు. ఇందు కథలకును, కావ్యములకును ప్రాధాన్యము లేదు. భాషయే పాఠ్యవస్తువు. ఒక ప్రకటననో, ఒక సంభాషణనో, ఒక నోటీసునో విద్యార్థి ముందుంచి, ఇందలి భాష ఎట్లు పనిచేయుచున్నదో వ్రాయుమని అడుగుదురు.

ఎక్కడనో ఉన్న ఈ చదువుతో మనకేమి పని యని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. కృష్ణా డెల్టాలో పిల్లలు విదేశములలో చదువుకొనుచున్న ఇండ్లు నేడు తక్కువ కావు. అంతకంటె ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. అది మా ఇంట జరిగిన ఒక చిన్న ముచ్చటవలన తెలియగలదు.

సంక్రాంతి పండుగకు మా అన్నగారి అమ్మాయి మెల్‌బోర్ను నుండి వచ్చినది. అచట డిసెంబరు, జనవరి నెలలు వేసవి సెలవులు. అవనిగడ్డకు సమీపముననున్న మా స్వగ్రామమున, మా తల్లిగారి వద్ద మూడు వారములు ఉన్నది. సెలవులలో చేయవలసిన పనిగా బడివారు ఒక వ్యాసము వ్రాయుమనిరట. ప్రజల కొరకు వెలువడిన ఏదేని ఒక పాఠమును తీసికొని దాని భాషను విశ్లేషింపవలెను. ఆ పిల్ల తన నాయనమ్మ ఊరికి సంబంధించినదని యెంచి, ఆంగ్లముననున్న ఒక తుఫాను హెచ్చరికను ఎన్నుకొన్నది. వ్రాసినది తెచ్చి మాకు చూపినది.

అందు లోపము వెదకుట కష్టము. కర్మణి వాక్యములెన్ని, విశేషణములెన్ని, సమాసములెన్ని అన్నియు లెక్కించి వ్రాసినది. పారిభాషిక పదములన్నియు సరిగనే ఉన్నవి. అయినను చదివిన తరువాత ఆ హెచ్చరికను గూర్చి మాకు క్రొత్తగా తెలిసినదేమియు లేదు. “ఇది పచారీకొట్టు చీటీవలె ఉన్నదమ్మా. సరుకులన్నీ ఉన్నవి, వంట లేదు” అంటిమి.

“మరి ఇంకేం రాయాలి బాబాయ్? పేర్లన్నీ కరెక్టుగానే పెట్టానుగా!” అన్నది.

ఆమెకు చెప్పిన దానినే ఇచట శ్రోతలకు విన్నవించుచున్నాము. ఏ వాక్యమునైనను మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇచట ఏ మాట ఉన్నది? దాని స్థానమున ఏ మాట ఉండుటకు వీలున్నది? ఈ మాటయే ఉండుటచే వినువానికి ఏమి జరుగుచున్నది? మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము వ్రాసినచో అది జాబితా యగును. మూడింటికిని వ్రాసినచో అది విశ్లేషణ యగును. రెండవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. మాట మార్చి చూచిన గాని, ఉన్న మాట విలువ తెలియదు.

ఆ హెచ్చరికలోని ఒక వాక్యమును తీసికొందము. మన తీరమునకు సంబంధించిన తుఫాను ప్రకటనలలో తరచుగా వినవచ్చునట్టిదే అది. “ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇంటు ది సీ.” మత్స్యకారులు సముద్రములోనికి పోరాదని సలహా ఇచ్చుచున్నారని భావము. ఇది కర్మణి వాక్యము. సలహా ఇచ్చు వారెవరో ఇందులో లేదు. విద్యార్థులు సాధారణముగా ఇంతవరకు వ్రాసి ఆగుదురు. ఇప్పుడు మాట మార్చి చూతము. “వుయ్ అడ్వైజ్ ఫిషర్‌మెన్” అన్నచో వాక్యము ‘మేము’ అను కార్యాలయముతో మొదలగును. మొదటి రూపమున వాక్యము ‘ఫిషర్‌మెన్’ అను మాటతో మొదలగుచున్నది. ఎవరికి ప్రమాదమో వారినే ముందు పిలిచినట్లయినది. చెప్పువారెవరో ప్రకటన శీర్షికలోనే ఉన్నది గనుక మరల చెప్పనక్కరలేదు. కర్మణి ప్రయోగము ఇచట చేయుచున్న పని ఇది.

అదే వాక్యమున ‘వెంచర్’ అను క్రియను చూడుడు. ‘గో’ అన్నను సరిపోవును. కాని ‘గో’ అనగా పోవుట మాత్రమే. ‘వెంచర్’ అనగా అపాయమునకు తెగించి పోవుట. హెచ్చరిక యంతయు ఆ ఒక్క క్రియలో ఇమిడి ఉన్నది. మరియు వాక్యమున ‘యు’ అను మాట లేదు. మత్స్యకారులను గూర్చి చెప్పుటయే గాని వారితో మాటాడుట లేదు. ఏలన ఈ ప్రకటన కలెక్టరు కార్యాలయమునకును, ఓడరేవునకును, పత్రికలకును, రేడియోకును కూడ పోవును. అందరికిని పనికివచ్చునట్లు వ్రాసిన వాక్యము ఏ ఒక్కరి ముఖమును చూచియు మాటాడదు.

ఇంకొక మాట కలదు. “వెరీ హెవీ రెయిన్‌ఫాల్.” ‘వెరీ’ అనునది భావమును బలపరచుటకు వాడిరని ఆ పిల్ల వ్రాసినది. వ్యాకరణ రీత్యా అది సబబే. కాని వాతావరణ శాఖ పరిభాషలో ఆ మాటలకు కొలతలు కలవు. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్ల నుండి 115.5 వరకు కురిసిన ‘హెవీ’, 115.6 నుండి 204.4 వరకు ‘వెరీ హెవీ’, అంతకు మించిన ‘ఎక్స్‌ట్రీమ్‌లీ హెవీ’. ఇచట ‘వెరీ’ ఉద్రేకమును తెలుపు మాట కాదు, కొలపాత్ర. ఒకే మాట ఇంటిలో ఒక పని, కార్యాలయములో ఒక పని చేయును. పాఠము ఎవరి నోట, ఏ సందర్భమున వచ్చినదో తెలియక విశ్లేషించినచో ఇట్టి పొరపాటు తప్పదు. “లైక్‌లీ టు క్రాస్” అనునదియు అట్టిదే. “విల్ క్రాస్” అని వ్రాయకపోవుట పిరికితనము కాదు. తనకు తెలిసినంతవరకే చెప్పవలెనను శాస్త్రమర్యాద.

ఈ సందర్భమున మా పొరపాటు నొకదానిని ఒప్పుకొనుట న్యాయము. ఉద్యోగపు తొలి సంవత్సరములలో ఇట్టి ఆంగ్ల వాక్యమునే మేము తెలుగు చేసితిమి. “మత్స్యకారులు సముద్రములోనికి వెళ్ళరాదని సలహా ఇవ్వబడుచున్నది” అని మాటకు మాట పెట్టి చదివితిమి. కొన్ని దినములకు ఒక కార్యక్రమ ధ్వనిముద్రణకై నాగాయలంక వైపు పోయినప్పుడు, ఒక పెద్ద వయస్సు మత్స్యకారుడు నవ్వుచు, “సలహా ఇచ్చారండీ, విన్నాం. వెళ్ళొద్దని మాత్రం చెప్పలేదుగా!” అన్నాడు. ఆ తడవ గాలి వేరొక దిక్కునకు మరలుటచే ఎవరికిని హాని కలుగలేదు. కాని ఆ మాట మా మనస్సున నాటుకొన్నది.

లోపమెచట ఉన్నది? ఆంగ్లమున ఒక ప్రభుత్వ కార్యాలయము ‘అడ్వైజ్డ్’ అన్నచో అది మర్యాద తొడుగుకొన్న ఆజ్ఞ. వినువారు ఆజ్ఞగనే గ్రహింతురు. తెలుగున ‘సలహా’ అనగా తీసికొనినను సరే, మానినను సరే. మాటకు అర్థము సరిపోయినది గాని, మాట చేయు పని సరిపోలేదు. అంతేగాక, ఇయ్యబడుట, చేయబడుట అను కర్మణి రూపములు తెలుగువాని నోటికి సహజములు కావు. ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తినప్పుడు ఆంగ్ల పత్రిక “గేట్స్ వర్ లిఫ్టెడ్” అని వ్రాయును. కరకట్ట మీది మన రైతు ‘గేట్లు ఎత్తబడినవి’ అనడు, “గేట్లెత్తేశారు” అనును. ఎత్తినవారెవరో రెండు వాక్యములలోను లేదు. ఆంగ్లము క్రియారూపమును మార్చి కర్తను దాచును. తెలుగు బహువచన క్రియను ఉంచి కర్తను వదలివేయును. పని ఒకటే, పనిముట్లు వేరు. ఆ తరువాత మేము “వేటకు వెళ్ళవద్దు” అని వ్రాయుచుంటిమి. మన తీరమున చేపలు పట్టుటను ‘వేట’ యనియే అందురు గదా.

ఈ కథ విన్న పిల్ల తన వ్యాసమును ప్రక్కన పెట్టి ఆలోచనలో పడినది. ఆ సాయంకాలము అరుగు మీద కూర్చుండి హెచ్చరిక యంతటిని నాయనమ్మకు తెలుగున చెప్పుటకు ప్రయత్నించినది. “స్టార్మ్ సర్జ్ ఆఫ్ ఎబౌట్ వన్ మీటర్ ఎబవ్ ఆస్ట్రనామికల్ టైడ్” అనుచోట చిక్కు వచ్చినది. సూర్యచంద్రుల ఆకర్షణవలన వచ్చు పోటు అని, దానికంటె ఎత్తున అని ఆమె వివరించుచుండగా మా తల్లిగారు అడ్డుతగిలి, “ఇంతకీ నీళ్ళొస్తాయా, రావా? అది చెప్పరేమే?” అనిరి.

ఆ ప్రశ్న ఊరకే పుట్టినది కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచినది గాలి కాదు, నీరు. సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రము ఊళ్ళ మీదికి వచ్చినది. వేలమంది ప్రాణములు కోల్పోయిరి. మా తల్లిగారు ఆ రాత్రిని చూచినవారు. వారికి గాలి వేగమెంతయో, తుఫాను కేంద్రమెచటనో అక్కరలేదు. ఆ ప్రకటనలో ఆమెకు కావలసిన విషయము నిజమునకు ఉన్నది. కాని అది పొడవైన నామపద సముదాయము నడుమ, ఇంజనీరుకు తెలియు మాటలలో ఉన్నది. తెలుగున దానికి మనకొక మాట కలదు. అది ‘ఉప్పెన’. ఆ మాట వినగానే తీరవాసి పిల్లలను చంకనెత్తుకొని మెరక వెదకును.

మరునాడు ఆ పిల్ల తన వ్యాసమును మొదటినుండి తిరిగి వ్రాసినది. ఇప్పుడు మొదటి పేరాలో ఈ ప్రకటన ఎవరు, ఎవరికి, ఏ సాధనము ద్వారా, ఏ ప్రయోజనము కొరకు చేసిరో ఉన్నది. తరువాతి పేరాలు ధ్వనులు, పదములు, వాక్యములు అని వ్యాకరణ విభాగముల వరుసన లేవు. ప్రయోజనముల వరుసన ఉన్నవి. అధికారము నిలుపుట కొక పేరా. ఎంత తెలియునో అంతే చెప్పుట కొక పేరా. ప్రమాదము తెలుపుట కొక పేరా. కర్మణి ప్రయోగము మొదటి దానిలోను, ‘లైక్‌లీ’ రెండవ దానిలోను, ‘వెంచర్’ మూడవ దానిలోను తమ తమ చోట్ల చేరినవి. చెప్పిన ప్రతి మాటకును మూలమునుండి ఒక పదము సాక్ష్యముగా ఉన్నది. ‘భాష చక్కగా ఉన్నది’, ‘శైలి ధారాళముగా ఉన్నది’ అను మెప్పుదల మాటలు లేవు. చివర, ఈ భాష కార్యాలయములకు తగినదనియు, తీరముననున్న ముదుసలికి నేరుగా చేరదనియు, నడుమ ఒకరు దానిని మార్చి చెప్పవలసి ఉన్నదనియు వ్రాసినది.

ఇట్టి చదువు మనకు పూర్తిగా పరాయిది కాదు. తెలుగు పరీక్షలలో సందర్భసహిత వ్యాఖ్య వ్రాసిన వారందరును, ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరో వ్రాసిన వారే. ప్రతిపదార్థము వ్రాయుటయు పదమును పదముగా పట్టి చూచుటయే. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశము తొలి సంపుటములో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదములను కూర్చిరి. వాటిని గ్రంథములనుండి గాక రైతుల నోటినుండి సేకరించిరి. సామాన్యుని మాట శాస్త్ర పరిశీలనకు తగినదని ఆ పని నిరూపించినది. మనకున్న లోపము వేరు. సందర్భమును, అర్థమును గైడు పుస్తకమునుండి కంఠస్థము చేయించి, ‘ఈ మాటయే ఏల?’ అను ప్రశ్నను పిల్లల వద్దనుండి తీసివేయుచున్నాము. ఇంటర్మీడియేట్ చదువు పిల్లవానికి ఆంగ్లమన్న భయము కలుగుటకు సగము కారణ మిదియే. వానికి వాక్యమును అప్పగించుటయే గాని, దానిని ప్రశ్నించు హక్కు ఇచ్చుట లేదు.

దీనికి ఖరీదైన పుస్తకములు అక్కరలేదు. నేటి రాత్రి వార్తలు వినునప్పుడు ఒక్క వాక్యమును కాగితము మీద వ్రాసికొనుడు. అది తెలుగైనను సరే, ఆంగ్లమైనను సరే. ఇంటనున్న పిల్లలను పిలిచి, అందొక మాటను తీసివేసి వేరొక మాట పెట్టి చదువుమనుడు. ఏమి మారినదో అడుగుడు. వారు తప్పు చెప్పినను తొందరపడి దిద్దకుడు. తరువాత ఇంటిలోని పెద్దవారికి ఆ వాక్యమును వారికి తెలియు మాటలలో చెప్పుమనుడు. చెప్పలేక ఆగిన చోటనే విశ్లేషణ మొదలగును. సముద్రమునకు ఇంత సమీపమున కాపురముండు మనకు ఈ అభ్యాసము పరీక్ష మార్కులతో తీరిపోవునది కాదు.