గడ్డను చూచి తీర్పు చెప్పవద్దు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీరు హైదరాబాదు నగరమునకు పడమటనున్న గ్రామములనుండి ఈ సమావేశమునకు వచ్చినారు. త్రోవలో గచ్చిబౌలి, కొండాపూరు, మాదాపూరులను చూచియుందురు. అవియు ఒకప్పుడు మన ఊళ్లవంటి ఊళ్లే. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీగా పేరొందినది. గుట్టలున్న చోట అద్దాల మేడలు లేచినవి. అయినను ఒక ప్రాణి అచ్చటను మన ఊళ్లలోను ఒక్కటే. అది కుక్క. అచ్చట మేడలో పెరుగును, మన ఊళ్లలో రచ్చకట్టకడ పెరుగును. దాని చర్మముపై లేచు గడ్డయు ఒక్కటే. కాని అచ్చటి కుక్కను గడ్డ లేవగానే వైద్యుని వద్దకు గొనిపోవుదురు. ఇచ్చటి కుక్కను రాళ్లతో తరుముదురు. ఈ భేదమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచినాము.

మేము ప్రచారకార్యముపై ఒక గ్రామమునకు పోయియుంటిమి. ఆ ఊరి ముసలికుక్క డొక్కపై నిమ్మకాయంత గడ్డ యుండెను. "ఇది అంటురోగము. పిల్లలు తిరుగు చోటు. దీనిని చంపించవలెను" అని ఒక సభ్యుడు పట్టుపట్టెను. దానికి రోజూ ఇంత ముద్ద వేయు అవ్వ వచ్చి, "పదేండ్లు ఊరిని కాసింది బిడ్డా, నాలుగు దినాలు ఆగుండ్రి" అని చేతులు జోడించెను. సర్పంచి గారు పశువైద్యునికి కబురంపిరి. వైద్యుడు వచ్చి సన్నని సూదితో గడ్డనుండి రవంత పదార్థమును తీసి గాజుపలకపై పరచెను. అది నూనె చుక్కలవలె మెరసినది. తరువాత సూక్ష్మదర్శినితో పరీక్షించి, అది వట్టి కొవ్వు కంతి యని తేల్చెను.

కథ అంతటితో ముగియలేదు. చంపించుమన్న ఆ సభ్యుడే తన పెంపుడు కుక్కను కూడ చూపెను. దాని కాలిపై కందిగింజంత బొడిపె యున్నది. అప్పుడప్పుడు ఉబ్బును, మరల తగ్గును. కుక్క దానిని నాకుచుండును. "ఇది ఏమియు కాదు కదా" అని ఆయన నవ్వెను. సూది పరీక్షలో అదియే ప్రమాదకరమైన కంతి యని తేలినది. తొలిదశలోనే కోసి తీసివేసినందున ఆ కుక్క బ్రతికినది. ఆరు నెలల తరువాత మేము పోయినప్పుడు గడపకడ పండుకొని యుండెను. ముసలికుక్కయు రచ్చకట్టకడనే యున్నది.

సోదరులారా! పెద్ద గడ్డ మంచిది, చిన్న బొడిపె చెడ్డది అని కాదు మా అభిప్రాయము. కంటితో చూచి చెప్పుట సాధ్యము కాదనియే మా మనవి.

కుక్కలకు వచ్చు నిరపాయకరమైన కంతులు పలువిధములు. వయసు మీరిన కుక్కలకు చర్మము క్రింద మెత్తగా, వ్రేలితో నొక్కిన జరుగునట్లు లేచునది కొవ్వు కంతి. మూడేండ్లలోపు కుక్కలకు చెవిపైనను, తలపైనను, కాళ్లపైనను గుండీవలె గుండ్రముగా, ఎర్రగా లేచు బొడిపె సాధారణముగా రెండు మూడు నెలలలో తనంతట తానే పోవును. పిల్లకుక్కల పెదవులపైన, నోటిలోను గుత్తులుగా లేచునవి పులిపిరులు. ఇవి ఒక వైరసువలన కలిగి, కుక్కనుండి కుక్కకు అంటును, మనుష్యులకు అంటవు. ఇవియు చాలవరకు కొన్ని నెలలలో రాలిపోవును. విత్తులు తీయని ముసలి మగకుక్కలకు ఆసనద్వారము చుట్టును కంతులు లేచుట కలదు. విత్తులు తీయు శస్త్రచికిత్సతో ఇవి చాలవరకు తగ్గును.

వీధికుక్కల మర్మాంగములపై రక్తమోడుచు, చూచుటకు భయము గొలుపు కంతి యొకటి కలదు. ఇది పై తెగలో చేరదు. సంపర్కమువలన కుక్కనుండి కుక్కకు వ్యాపించును. అయినను వారమునకొకటి చొప్పున కొన్ని వారములు విన్‌క్రిస్టిన్ సూదిమందు ఇచ్చినచో చాలవరకు నయమగును. ఈ మందు మన పెరటి బిళ్ళగన్నేరు మొక్కనుండి వచ్చినదే. అట్లని ఆకురసము పిండి త్రాగింపరాదు. అది విషము.

మరి పరీక్ష యెట్టిది? ఇంజక్షను సూది వంటి సూదియే చాలును. మత్తుమందు సాధారణముగా అక్కరలేదు. సూదితో తీసిన కణములకు రంగు వేసి సూక్ష్మదర్శినితో చూతురు. ఈ సాధనము మహిమ మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది సికింద్రాబాదులోనే, సూక్ష్మదర్శినితోనే. సూదితో తేలనిచో చిన్న ముక్క కోసి ప్రయోగశాలకు పంపుదురు. మన రాజేంద్రనగరున పశువైద్య కళాశాల కలదు.

నిరపాయమని తేలిన కంతిని కోయనక్కరలేదు. నెలకొకసారి దారముతో కొలిచి వ్రాసికొన్న చాలును. నడకకు అడ్డమైనను, ఒరసికొని పుండైనను తీయింపవలెను. చిన్నవాటిని ద్రవ నత్రజనితో మాడ్చి తీయుటయు కలదు. మన పశువుల కృత్రిమ గర్భధారణకై వీర్యమును నిలువచేయునది ఈ ద్రవమే. కోసిన కంతిని పారవేయక ప్రయోగశాలకు పంపుట మేలు. కుట్లు విప్పు వరకు, అనగా పది పదునాలుగు దినములు, కుక్క గాయమును నాకకుండ అడుగు కోసిన ప్లాస్టిక్ బకెట్టును మెడకు తొడుగవచ్చును.

వెంట్రుకతో బిగించి కట్టుట, సున్నము పూయుట, కాల్చుట, యాసిడ్ పోయుట పనికిరావు. వీనివలన పుండై పురుగులు పడును. పిడుదును కంతియనియు, కంతిని పిడుదనియు పొరబడి పీకుటయు కలదు.

ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కనబడినను ఆలస్యము చేయరాదు: గడ్డ త్వరగా పెరుగుట, పుండుపడి రక్తము కారుట, లోని కండకు అతుకుకొనుట, ఉబ్బి తగ్గుచుండుట, కుక్క చిక్కిపోవుట. ఆడకుక్క పొదుగులోని గడ్డను ఎన్నడును ఉపేక్షింపరాదు. ఇవేవియు లేకున్నను, బఠాణీ గింజకంటె పెద్దదై నెల దినములు నిలిచిన ప్రతి గడ్డను పరీక్ష చేయింపవలెను.

ఈ గడ్డలకును పిచ్చికుక్క రోగమునకును సంబంధము లేదు. అయితే గడ్డ యున్న కుక్కయు నొప్పికి కరవవచ్చును. మూతికి గుడ్డ కట్టి, తెలిసినవారే పట్టవలెను. కరచినచో పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

పంచాయతీ బాధ్యత యేమి? కుక్కను క్రూరముగా చంపుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలను, టీకాలను ఏర్పాటు చేయు బాధ్యతను 2023 నాటి నియమములు స్థానిక సంస్థలపై ఉంచినవి. కుక్కలను పట్టించిన దినముననే గడ్డలున్న వాటిని వైద్యునికి చూపినచో వేరుగా శ్రమ యుండదు. సంపర్కముతో వ్యాపించు కంతియు సంతాన నిరోధముతో తగ్గుముఖము పట్టును.

మీ ఊరిలో ఈసారి ఎవరైనను గడ్డ యున్న కుక్కను చంపుమని తీర్మానము తెచ్చినచో, మీరు ఒక్క మాట అడుగుడు: "సూది పరీక్ష చేయించినారా?" ఆ అవ్వ అడిగినది నాలుగు దినముల గడువు. పరీక్షకు అన్ని దినములు కూడ పట్టలేదు.

జై హింద్.