మదనపల్లెలో మారిన శంఖం

తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే శాంతిపురం, కుప్పం ప్రాంతంలో నేడు పట్టాలు అందుకుంటున్న భాషా విద్యార్థులకు, ఫ్రెంచి సాహిత్యంలోని అలంకారాలను ఇంగ్లీషులోకి తేవడంలోని చిక్కు దూరదేశపు వ్యవహారంగా తోచవచ్చు. అయితే అలంకారం భాష దాటేటప్పుడు ఏమవుతుందో చూపే మంచి ఉదాహరణ అంత దూరం కాని మదనపల్లెలోనే ఉంది. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి పాడిన ‘జనగణమన’ గీతాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో, జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగా ఉన్న బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు, స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించారు.

అలంకారంలో మాట నేరుగా చెప్పేది వాచ్యం, ఆ మాట తలపించేది వ్యంగ్యం. ఇక్కడ వ్యంగ్యమంటే నేటి వాడుకలోని ఎత్తిపొడుపు కాదు, తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వని అన్న సూచితార్థం. ‘జనగణమన’లో, జాతీయగీతంగా పాడని తర్వాతి చరణాల్లో, దారుణ విప్లవం నడుమ చిరసారథి ఊదే శంఖం ఇంగ్లీషులో బాకా అయింది. పిలుపు అనే వాచ్యం నిలిచింది. కురుక్షేత్రంలో పార్థసారథి పూరించిన పాంచజన్యం, గుడిలో పూజావేళ మోగే శంఖం మాత్రం జారిపోయి, వాటి స్థానంలో బైబిలు చదివినవారికి తీర్పుదినపు బాకా వినిపించసాగింది. ఫ్రెంచిని ఇంగ్లీషుతో పోల్చి 1958లో గ్రంథం రాసిన భాషావేత్తలు వినే, దార్బెల్నే ఇటువంటి మార్పిడిని, అంటే ఒక సమాజానికి పరిచయం లేని సందర్భానికి బదులు దానికి తెలిసిన మరొక సందర్భాన్ని పెట్టడాన్ని, అనుసరణ అన్నారు. అదే గీతంలో బిడ్డను కాచిన తల్లి ఒడి తల్లి చేతులుగా మారడం అంత పెద్ద నష్టం కాదు, ఎందుకంటే వాత్సల్యం ఏ భాషకూ పరాయిది కాదు. పతన అభ్యుదయాలతో ఎగుడుదిగుడైన బాటకు ఇంగ్లీషులో ‘జాతుల’ అనే మాట చేర్చడమే అసలు లోపమనిపిస్తుంది, ఎందుకంటే పాఠకుడు ఊహించుకోవలసినదాన్ని అది ముందే విప్పి చెప్పేసింది. మూలకవే అనువాదకుడు కావడం వల్ల ఈ స్వేచ్ఛ చెల్లింది. వేరొకరు చేసి ఉంటే విమర్శకులు ఊరుకునేవారు కారు.

ఠాగూర్ ‘గీతాంజలి’ ఫ్రెంచి పాఠకులకు అందింది కూడా ఆయన సొంత ఇంగ్లీషు అనువాదం మీదుగానే. ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ దాన్ని బెంగాలీ నుంచి కాక ఠాగూర్ ఇంగ్లీషు నుంచి అనువదించి 1913లో ప్రచురించారు కనుక, ఇంగ్లీషులో మారిన అలంకారాలే ఫ్రెంచికి మూలమయ్యాయి. ఫ్రెంచి రచనలను ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి తెచ్చే అనువాదకులది ఇదే దారిలో ఎదురు నడక. మదనపల్లె ఇంగ్లీషు ప్రతిని మాత్రమే చేతబట్టి ఎవరైనా శంఖం ఉన్న ఆ చరణాన్ని తెలుగు చేస్తే, తెలుగులో బాకా ఊదడమంటే పరుల గొప్పలు చాటడం కనుక, చిరసారథి ఎవరికో భజన చేస్తున్నట్లు తయారవుతుంది.