గంట నోరు నొక్కితే లోపం పోదు
(అమలాపురంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు రావు. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసినవాణ్ణి. నాకు తెలిసిన బ్యాటరీ ఛార్జరు అలారం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

ఇక్కడున్న ఆడపడుచులకు, పిల్లలకు ముందుగా ఒక మాట. తీగ తెగి పడితే సరఫరా ఆపే బ్రేకరుకు ఆజ్ఞ ఇచ్చేది బ్యాటరీ గదిలోని డీసీ కరెంటు. 110 వోల్టుల సెట్టు అంటే వరుసగా 55 సెల్సు. ఒక్కోదానికి సుమారు 2.2 చొప్పున మొత్తం 121 వోల్టులు ఉండేలా ఛార్జరు రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉంటుంది. ఏదైనా తేడా వస్తే గంట కొడుతుంది, దీపం వెలిగిస్తుంది.

ఒక రాత్రి నా డ్యూటీలో ‘డీసీ లో’ గంట మోగి, తనంతట తానే ఆగింది. ఊరి పేరు చెప్పను. లేచి మీటరు చూశాను. 121 సరిగ్గా ఉంది. రిలే చెడిందనుకున్నాను. మూడోసారి మోగేసరికి విసుగొచ్చి గంట ఫ్యూజు పీకేశాను. లాగు బుక్కులో కూడా రాయలేదు.

నాలుగు రోజులకు ఈదురుగాలి వచ్చింది. కొబ్బరిచెట్టు 11 కేవీ లైను మీద పడింది. మన బ్రేకరు కదలలేదు. వెనకనున్న సబ్‌స్టేషన్ బ్రేకరు పడేదాకా, ఆ కొద్ది క్షణాలూ, తీగ నేలమీద నిప్పులు కక్కింది. గట్టున కట్టేసిన పాడిగేదె చనిపోయింది. పది బారల దూరంలో పాలేరు నిలబడి ఉన్నాడు. అతను బతికాడు కనుక ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడగలుగుతున్నాను.

మర్నాడు పై అధికారి ఛార్జరు ఆపించి, బ్యాటరీ మీద దీపాల లోడు వేయించారు. మీటరు సున్నాకు పడిపోయింది. రెండు సెల్సు మధ్య లింకు చిలుము పట్టి లోపల తెగి ఉంది. నేను చూసిన 121 ఛార్జరుది, బ్యాటరీది కాదు. మెయిన్స్ వోల్టేజి కుంగినప్పుడల్లా ఛార్జరు తగ్గేది, వెనక బ్యాటరీ ఆసరా లేక గంట మోగేది. లైను మీద చెట్టు పడినప్పుడూ వోల్టేజి అలాగే కుంగింది. గంట నిజమే చెప్పింది, నేను వినలేదు.

ఆ తర్వాత నేను పెట్టుకున్న వరుస ఇది. ముందు ఏ దీపం వెలిగిందో రాసుకోవాలి, ఆ తర్వాతే గంట ఆపాలి. ‘మెయిన్స్ ఫెయిల్’ అయితే మూడు ఫేజులూ, ఫ్యూజులూ చూడాలి. మెయిన్స్ ఉండి ‘ఛార్జరు ఫెయిల్’ అయితే లోపం ఛార్జరులోనే వెతకాలి. ‘డీసీ లో’ అయితే ప్యానెల్ మీటరును నమ్మకుండా ఒక్కో సెల్లు కొలవాలి, లింకులు చూడాలి, అనుమతి తీసుకుని లోడు మీద పరీక్షించాలి.

‘డీసీ ఎర్త్’ మన కోనసీమకు పాత చుట్టం. ఉప్పుగాలి, వాన చెమ్మ యార్డులోని పెట్టెల్లో చేరితే చాలు. ఒక చోట ఎర్త్ అయితే ఏమీ కాదు, అందుకే అశ్రద్ధ చేస్తాం. రెండో చోట కూడా అయితే బ్రేకరు ఊరికే పడిపోవచ్చు, పడవలసినప్పుడు పడకపోనూవచ్చు.

1996 నవంబరు 6 తుఫాను మీరెవరూ మరచిపోయి ఉండరు. అలాంటి చీకటిలో మెయిన్స్ లేనప్పుడు అక్కరలేని డీసీ దీపాలు తీసేసి, బ్రేకరు కోసం ఛార్జి దాచుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్లలో ఇన్వర్టర్లు ఉన్నాయి. అది కూత పెడితే మనవడి చేత స్విచ్చి కట్టించి పడుకోకండి. నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయించండి. టెర్మినల్ చిలుము మెకానిక్కు చేత తుడిపించండి. బ్యాటరీ ఉన్నచోట గాలి ఆడనివ్వండి, అగ్గిపుల్ల గీయకండి.

మన ఒంటికీ ఇదే వర్తిస్తుందని డాక్టరుగారు చెబుతారు, నేను చెప్పను.