ఆపద సంకేతము – ఆలకించు చెవి

నక్షత్ర సామ్రాజ్యములను గూర్చిన కల్పితగాథలలో ఒక ఘట్టము తరచుగ కనిపించును. ఎక్కడనో ఒక అంతరిక్షనౌక చెడిపోవును. నావికుడు మీట నొక్కును. మరుక్షణమే రాజధానినుండి రక్షకనౌకలు బయలుదేరును. ఇంపైన ఈ కథలో ఒక చిక్కు కలదు. రేడియో తరంగము వెలుతురుకంటె వేగముగ పోజాలదు. సూర్యుని తరువాత మనకు మిక్కిలి సమీపమున నున్న నక్షత్రమునుండి బయలుదేరిన కేక మనలను చేరుటకు 4 సంవత్సరములకు పైగా పట్టును. చక్రవర్తి ఎంత దయాళువైనను ఏమి చేయగలడు?

ఆపద సంకేతమునకు మూడు అంగములు కలవు: పిలుచువాడు, పిలుపు, వినువాడు. పిలుపును గూర్చి మానవుడు చాల శ్రమించినాడు. 1906లో బెర్లిన్ నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము మూడు చుక్కలు, మూడు గీతలు, మరల మూడు చుక్కలు గల ఎస్.ఓ.ఎస్. సంకేతము నంగీకరించినది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునుగుచు ఆ పిలుపును పంపినది. చేరువలోనే ఉన్న కాలిఫోర్నియన్ ఓడలో రేడియో ఉద్యోగి అప్పటికే నిద్రించుచుండెను. దూరముననున్న కార్పేథియా విని వచ్చినది. 700 మందికి పైగా బ్రతికిరి, సుమారు 1,500 మంది మరణించిరి. ఓడలలో రేయింబవళ్లు వినుచుండవలెనను అంతర్జాతీయ నియమము ఆ పిమ్మటనే ఏర్పడినది.

1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌకయందు ప్రాణవాయువు తొట్టి పేలినది. భూమికి మూడు లక్షల కిలోమీటర్ల కావలినుండి వ్యోమగాముల మాట సుమారు ఒక క్షణపు ఆలస్యముతోనే చేరినది. అక్కడికి ఏ నౌకయు పోజాలదు. అయినను వినువారు మెలకువతో నుండుటచే, వారి సలహాలను పాటించి ముగ్గురును ప్రాణములతో తిరిగి వచ్చిరి. అంతకు రెండేండ్లు ముందుగనే, 1968లో, వ్యోమగాములు ఏ దేశీయులైనను ఆపదలో ఆదుకొనవలెనని దేశములు ఒడంబడిక చేసికొన్నవి. పిమ్మట 1979లో, పరస్పరము శత్రుభావము వహించిన అమెరికా, సోవియట్ దేశములు కూడ కెనడా, ఫ్రాన్సులతో కలసి ఆపద సంకేతములను ఉపగ్రహముల ద్వారా వినుటకు పూనుకొన్నవి.

ఇక మన పంజాగుట్టను చూతము. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ ఇచ్చటనే కలదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవా వాహనములు ఈ కూడలిగుండ సైరను మ్రోగించుచు పోవుచుండును. ఆ సైరనును ఆపద సంకేతమే. దానికి నాలుగేండ్ల ప్రయాణము లేదు. నాలుగు బారల దూరమే. విన్నవాడు కదలనిచో ఆ నాలుగు బారలును దాటరాని దూరమగును. దారి విడువనివానికి 10,000 రూపాయల జరిమానాను 2019 నాటి మోటారు వాహనముల చట్టసవరణ విధించినది. లోపలనున్నది ఎవరో మన మెరుగము. ఎరుగకున్నను ప్రక్కకు ఒదిగి దారి ఇచ్చుటయే వినువాని ధర్మమని మా మనవి.